ఒంటిచేత్తో ఎత్తే పెట్టె

సూట్‌కేసులమ్మే షాపు, మధ్యాహ్నం వేళ. బట్టలు కుట్టే భార్య, లిఫ్టులు బాగుచేసే భర్త, షాపు నడిపే ఆవిడ.

"అబ్బా, మీరు చెయ్యి తీస్తే కదండీ నాకు దాని బరువు తెలిసేది!"

"నేనేం ఎత్తలేదే. ఊరికే వేలు ఆనించానంతే."

"వేలా అది? అరచెయ్యి మొత్తం కింద పెట్టారు. తియ్యండి. ఊఁ, ఇప్పుడు తెలుస్తోంది. అమ్మో! ఇది నావల్ల కాదు."

"చెప్పానా? నేను చెప్పలా? పద, ఇంటికెళ్దాం."

"ఉండండి అన్నయ్యగారూ, ఇంకోటి చూపిస్తాను. మీకు తొందరెక్కువలా ఉందే. అక్కా, మీరు ఎంత బరువు వరకూ ఎత్తగలరు?"

"కుడిచేత్తో ఫరవాలేదమ్మా. ఎడమచేత్తోనే ఎత్తకూడదు. ఆపరేషనప్పుడు రొమ్ముతోపాటు చంకలో కూడా ఏవో తీసేశారు. దాని మీద బరువు పడిందంటే చెయ్యి వాచిపోతుంది. అందుకని ఒంటిచేత్తో ఈడ్చి, ఒంటిచేత్తో ఎత్తి, ఒంటిచేత్తో పైన పెట్టగలగాలి. విమానంలో తల మీద అరలుంటాయి చూడు, అందులోకి."

"అక్కడ యూనిఫారాలేసుకుని ఆడపిల్లలుంటారు కదే. వాళ్ళే ఎత్తి పెడతారు."

"వాళ్ళని అడగాలి. నాకు అడగడం ఇష్టం లేదు."

"అడగక్కర్లేకుండా నేనొస్తానంటే వద్దంటావు."

"మళ్ళీ మొదలా? పొద్దున్నే తేల్చుకున్నాం కదండీ. ఈసారి చెకప్‌కి ఒక్కదాన్నే వెళ్తానన్నాను. మీరు సరేనన్నారు."

"సరేననలేదు. ఊఁ అన్నాను. ఊఁ వేరు, సరే వేరు."

"చూశావామ్మా? ఈయనతో ఇదీ నా సంసారం."

"ఇదిగో అక్కా, ఇది చూడండి. నాలుగు చక్రాలది. ఇలా వేలితో తోస్తే చాలు, దానంతటదే పోతుంది. ఈ మధ్య ఒంటరిగా తిరిగే ఆడవాళ్ళంతా ఇదే పట్టుకెళ్తున్నారు."

"ఈ నున్నటి గచ్చు మీద పోతుందండీ, ఎందుకు పోదు? బయట రోడ్డు మీద సంగతేంటి? నాలుగూ బుల్లి చక్రాలు. లోపల బేరింగు కూడా లేదు, ఉత్త ప్లాస్టిక్కు. గులకరాయి అడ్డం పడితే చాలు, నడిరోడ్డు మీద మొండికేసి కూర్చుంటుంది."

"మా ఆయన లిఫ్టు మెకానిక్కులే అమ్మా. చక్రం కనపడితే వదలరు."

"అయితే రెండు చక్రాలది తీస్తాను. చక్రాలు పెద్దవి. వెనక్కి వంచి ఈడ్చుకుపోవడమే."

"ఈడిస్తే భుజం మీద లాగుడు పడదూ?"

"కుడి భుజమేగా అండీ."

"నీకు మిగిలిందే అదొక్కటి. దాన్ని కూడా పాడు చేసుకో."

"ఏం మాటలండీ అవి! మంచీ చెడ్డా ఉండక్కర్లేదూ?"

"అన్నయ్యగారు అలాగే అంటారులే అక్కా. ఇంతకీ అక్కడ దిగేదెక్కడ? మెట్లున్నాయా?"

"ఆసుపత్రి వెనక సందులో గదులిస్తారు. మాకు ఎప్పుడూ మూడో అంతస్తే తగలడుతుంది. లిఫ్టు ఉందమ్మా, కానీ పనిచెయ్యదు."

"ఎందుకు చెయ్యదు? తలుపు దగ్గర స్విచ్చి పోయింది, అంతే. అదొక్కటి మారిస్తే పరిగెడుతుంది. ఆ గదుల మేనేజరుకి వెళ్ళినప్పుడల్లా చెప్తూనే ఉన్నాను. డబ్బులొద్దు, నేనే మారుస్తానంటే వినడే!"

"వింటున్నావామ్మా? నాకు తోడుగా వస్తారు. వచ్చి లిఫ్టు గోతిలోకి తొంగి చూస్తూ ఉంటారు."

"అందుకే అంటున్నా, మెట్లెక్కాలి. పెట్టె మోసుకుంటూ మూడు అంతస్తులు. ఎవరు మోస్తారు?"

"నేను మోస్తాను. మెట్టుకో నిమిషం కూర్చుంటాను. నాకేం తొందర? అమ్మా, ఈ రెండు చక్రాలదాని జిప్పు తియ్యి, లోపల చూడనీ. అయ్యో, ఈ లైనింగు కుట్టు చూడు! దారం ఒకచోట బిగుసుకుపోయింది, ఒకచోట వేలాడుతోంది. నా దగ్గర కొత్తగా చేరినవాళ్ళు కూడా ఇంతకంటే నయంగా కుడతారు."

"లోపలి కుట్టు ఎవరు చూస్తారక్కా?"

"నేను చూస్తానుగా. సరే, దీన్ని ఇంటికెళ్ళి నేనే కుట్టేసుకుంటాలే. అందులో ఏమైనా బరువు పెట్టు. ఖాళీ పెట్టె ఎవరైనా ఎత్తుతారు."

"ఈ తాళాల డబ్బాలు పెడతాను. పెట్టెతో కలిపి ఏడు కిలోలు దాటనివ్వరు కదా విమానంలో. ఈ పెట్టె తేలిక కాబట్టి మీ బట్టలకి బాగానే మిగుల్తుంది. ఇదిగో, ఈ అర మీద పెట్టి చూడండి. విమానంలోదీ ఇంచుమించు ఇంత ఎత్తే."

"ఆగు, ఆగు, ఆగు..."

"ముట్టుకోకండి! దూరం జరగండి. అదిగో! పెట్టానా లేదా?"

"మొహం చూసుకో అద్దంలో. చెమటలు పట్టేశాయి."

"పెట్టానా, లేదా?"

"పెట్టావులే. దించు చూద్దాం."

"దించుతాను. దించడానికేం... ఉండండి, మీరు రావద్దు... కొంచెం... అమ్మా, ఇది దించడమే కష్టంగా ఉందే."

"వదిలెయ్. వదిలెయ్యవే, నేను పట్టుకుంటాను."

"వద్దన్నానా! అంచుకి లాగి, ఛాతీకి ఆనించుకుని... ఇదిగో. వచ్చేసింది. చూశారా?"

"సెబాసక్కా! నేనే దించలేను ఒక్కోసారి. ఇదే ఖాయం చెయ్యమంటారా? ముదురు నీలం ఉంది, నలుపుంది, ఎరుపుంది."

"నీలం వద్దు. అందరివీ అవే. పొరపాటున ఇంకొకళ్ళు పట్టుకుపోతారు."

"పైన అరలో పెట్టేదాన్ని ఎవరు పట్టుకుపోతారండీ? పోనీ ఎరుపు?"

"మాసిపోతుంది."

"నలుపు?"

"నలుపు... ఏమో. బాగోదు."

"పొద్దుటి నుంచి ఇది మూడో షాపు. ఒకచోట పిడి పొట్టిదన్నారు, ఒకచోట జిప్పు మొరటన్నారు, ఇక్కడ రంగు బాగోదంటున్నారు. మీకు పెట్టె కొనడమే ఇష్టం లేదు. అది చెప్పండి."

"నాకెందుకు ఇష్టం ఉండదు?"

"పెట్టె లేకపోతే నేను ఒక్కదాన్నీ వెళ్ళలేనని."

"పోనీ అక్కా, అన్నయ్యగారిని కూడా తీసుకెళ్ళకూడదూ? పాపం, అంత ప్రేమగా వస్తానంటుంటే!"

"ప్రేమేనమ్మా, కాదనను. నీకు తెలీదు. డాక్టరు గదిలోకి ఇద్దరం వెళ్తాం. ఆయన నా చెయ్యి చూస్తాడు, దగ్గమంటాడు, పొట్ట నొక్కుతాడు. 'వెరీ గుడ్, మీరు కాసేపు బయట కూర్చోండమ్మా' అంటాడు. ఈయన్ని మాత్రం ఉంచేసుకుంటాడు. జబ్బేమో నాది. బయట కూర్చునేదీ నేనే."

"ఖర్చుల గురించి మాట్లాడుకుంటామే."

"ఖర్చుల సంగతి కింద కౌంటరులో మాట్లాడతారు, నాకు తెలీదా? తలుపు మూసుకుని అంతసేపు మాట్లాడుకుంటారు. బయటికొచ్చి 'అంతా బాగానే ఉందిట' అంటారు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి అంతసేపా?"

"ఆయన మెల్లిగా మాట్లాడతాడు."

"నాతో గబగబా మాట్లాడతాడుగా మరి!"

"అక్కా, టీ చెప్పనా? ఎదురుగానే ఉంది కొట్టు."

"వద్దమ్మా, నువ్వు విను. ఈ మనిషి పెళ్ళయిన దగ్గర్నుంచి వంటింట్లో గ్యాసు ఎలా వెలిగించాలో తెలీదన్న మనిషి. ఇప్పుడు నాకంటే ముందు లేచి కాఫీ కలిపి మంచం దగ్గరికి తెస్తున్నారు. నేనేం చెప్పినా తలాడిస్తున్నారు. మొన్న కావాలనే కూరలో ఉప్పు రెండింతలు వేశాను. నోరు మెదపకుండా తిన్నారు. తిని, 'బాగుందోయ్' అన్నారు."

"నిజంగానే బాగుంది."

"పిల్లి ముట్టుకోలేదండీ దాన్ని!"

"మా ఆయన ఒక్కనాడైనా అలా తింటేనా అక్కా..."

"కోరుకోకమ్మా. అలా తినాలని మాత్రం కోరుకోకు."

"చిన్న విషయాన్ని పట్టుకుని ఏదేదో ఊహించుకుంటావు. సూదులు ఆపేసి మాత్రలిచ్చారు కదే. నయమవుతుంటేనే కదా అలా మారుస్తారు."

"అలాగని డాక్టరు నాతో చెప్పలేదు. మీరు చెప్పారు."

"నేను చెప్తే ఒకటి, ఆయన చెప్తే ఒకటీనా?"

"అవును. మీరు నా మొహం చూసి చెప్పలేదు. లిఫ్టు గోతిలోకి చూస్తూ చెప్పారు."

"అబ్బబ్బా! ఇది షాపు. నలుగురూ వచ్చే చోటు."

"ఎవరూ లేరు అన్నయ్యగారూ, మనమే."

"నాకు భయంగా ఉందండీ. చావంటే భయం కాదు. అదీ ఉందనుకోండి, లేకపోవడానికి నేనేం రాయిని కాదు. కానీ అంతకంటే, నా ఒంట్లో ఏం జరుగుతోందో ఊళ్ళో అందరికీ తెలిసి నాకొక్కదానికే తెలీదేమోనని భయం. రాత్రిళ్ళు మీరు గోడవైపు తిరిగి పడుకుంటారు. నిద్రపోవడంలేదని ఊపిరిని బట్టి తెలుస్తుంది నాకు. అడిగితే 'గ్యాసు' అంటారు. ఒక్కదాన్నే వెళ్తే నన్ను బయటికి పంపి మాట్లాడుకోడానికి ఆ డాక్టరుకి ఎవరూ ఉండరు. నాతోనే చెప్పాలి. అందుకు వెళ్తున్నాను. అంతకుమించి మీ మీద కోపం లేదు."

"దారిలో కళ్ళు తిరిగితే?"

"కూర్చుంటాను."

"చెయ్యి వాస్తే?"

"కట్టు కట్టుకుంటాను."

"ఆయన ఏదైనా మొరటుగా అనేస్తే? నువ్వొక్కదానివే ఉంటే? అక్కడ పట్టుకోవడానికి ఎవరుంటారే?"

"ఏమనేస్తాడు? అంతా బాగానే ఉందన్నారుగా?"

"బాగానే ఉంది. నేను... ఊరికే, మాటవరసకి అన్నాను."

"మాటవరసకి."

"సరే. వెళ్ళు తల్లీ. ఒక్కదానివే వెళ్ళు. నేనే విమానం దాకా దిగబెడతాను. ఓ మాట ముందుగా డాక్టరుకి ఫోను చేసి చెప్తాలే, నువ్వొస్తున్నావని."

"ఫోనెందుకు?"

"నువ్వు ఒక్కదానివే వస్తున్నావని తెలియాలి కదా ఆయనకి."

"ఫోను చేశారంటే నా మీద ఒట్టే. ఇక్కడ, ఈవిడ ముందు చెప్పండి. చెయ్యనని."

"ఒట్లేంటే చిన్నపిల్లలా?"

"చెప్పండి."

"చెయ్యను. చెయ్యనులే. అమ్మా, ఆ పెట్టె సంగతి తేల్చండి ముందు. ఏదో ఒకటి ఇచ్చెయ్యండి."

"హమ్మయ్య, అన్నయ్యగారు దారికొచ్చారు! అయితే అక్కా, నా దగ్గర మీకు పనికొచ్చేవి రెండే రెండు. ఇందాక ఎత్తి చూశారే, అది గుడ్డది, అన్నిటికంటే తేలిక. రెండోది ఇదిగో, గట్టి పెంకుది. గుడ్డదానికంటే ఓ అరకిలో ఎక్కువ బరువుంటుంది. కానీ దీని కథ వేరు. కింద పడేసినా సొట్ట పడదు. కంపెనీవాళ్ళు పదేళ్ళు గ్యారంటీ ఇస్తారు. చక్రం విరిగినా, పిడి ఊడినా ఊరికే మార్చిస్తారు. గుడ్డదానికి ఏడాదే."

"పదేళ్ళే! ఏదీ, ఇలా ఇయ్యి. అబ్బ, ఎంత నున్నగా ఉందో! లోపల కుట్టు కూడా శుభ్రంగా ఉంది. చూడండి, ఎక్కడా దారం కనపడటంలేదు."

"బరువే అది."

"అరకిలోయేగా. ఇవాళ బరువనిపిస్తుంది కానీ చెయ్యి కుదుటపడితే ఇదొక లెక్కా? ఆసుపత్రికే కాదండీ, నేను ఇంకా తిరగాలి. నాతో కుట్టు నేర్చుకున్న స్నేహితురాలు వాళ్ళింటికి రమ్మని ఎన్నేళ్ళ నుంచి పిలుస్తోంది! సముద్రం ఒడ్డున ఇల్లట. నా మిషను తప్ప నేనేం చూశానని? ఈ పెట్టె ఒకటుంటే ఎవర్నీ అడక్కుండా బయల్దేరచ్చు. ఎత్తి చూడనా?"

"వద్దు, వద్దు. దాన్ని ఎత్తకు. భుజం పట్టేస్తుంది. ఆ గుడ్డదే తీసుకో."

"గుడ్డది ఏడాదిలో చిరిగి పీలికలవుతుందేమోనండీ."

"అవదులే. పదేళ్ళదంటూ ఆ బరువంతా ఎందుకే మొయ్యడం? ఏడాది గ్యారంటీ ఉందన్నారుగా. చాల్లే అది."

"ఏమన్నారు?"

"తేలిగ్గా ఉంటుందని. నీ భుజం కోసమని."

"కాదు. ఏమన్నారో మళ్ళీ అనండి."

"ఏముందే అందులో? గుడ్డది తీసుకోమన్నాను."

"ఏడాది చాలన్నారు."

"అక్కా, నేను కాస్త లోపలికెళ్ళి బిల్లు పుస్తకం..."

"ఉండమ్మా. నువ్వు కదలకు. నువ్వు ఎదురుగా ఉంటే ఈయన అబద్ధం సరిగ్గా ఆడలేరు. ఏవండీ, స్నానాలగదిలోకి బకెట్టు కొనడానికి వెళ్తే, దాన్ని బోర్లించి, కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని అరగంట చూస్తారు మీరు. గొడుగు కొంటే ఊచలన్నీ వంచి చూశారు, ఆ కొట్టువాడు చేతులెత్తి దండం పెట్టాడు. మన ఇంట్లో ఫ్యాను పెళ్ళినాటిది. చెప్పులకి కూడా గ్యారంటీ అడిగే మనిషి మీరు. ఇన్నేళ్ళలో దేనికీ, దేనికీ, ఏడాది చాలన్న మాట మీ నోట నేను వినలేదు."

"నేనేదో... నోరు జారి..."

"నోరు జారిందని నాకూ తెలుస్తోంది. డాక్టరు ఎంతన్నాడు?"

"ఏం లేదే. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇంటికెళ్తే మళ్ళీ కాఫీ కలిపిస్తారు మీరు. ఇక్కడే చెప్పండి. ఎంతన్నాడు?"

"ఇక్కడొద్దే, పద."

"ఏడాదా?"

"ఏడాది దాటితే... దాటితే మన అదృష్టం అన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"మందులు మార్చినప్పుడు. సూదులు ఇంక పనిచెయ్యడంలేదుట. కాలేయానికి కూడా పాకిందిట."

"మందులు మార్చింది ఎండాకాలంలో."

"ఊఁ."

"ఇప్పుడు చలి మొదలైంది."

"నీకు చెప్దామనే అనుకున్నానే. రోజూ అనుకున్నాను. పొద్దున్న కాఫీ ఇచ్చేటప్పుడు చెప్దామనుకునేవాణ్ణి. నువ్వు కప్పు అందుకుని నవ్వేదానివి. ఇంక నోరు పెగలేది కాదు."

"నా ఏడాదిలో సగం నాకు చెప్పకుండా ఖర్చు పెట్టేశారండీ మీరు."

"తెలిస్తే కుంగిపోతావని..."

"ఆ సగంలో నేనేం చేశానో తెలుసా? ఎవరో హోటలు వాళ్ళకి కర్టెన్లు కుట్టాను! వాళ్ళ కిటికీలన్నిటికీ! నడుం పడిపోయేలా కూర్చుని కుట్టాను. తెలిసుంటే ఆ గుడ్డ వాళ్ళ మొహాన కొట్టి సముద్రం దగ్గరికి వెళ్ళుండేదాన్ని. కుంగిపోతే కుంగిపోయేదాన్ని, అది నా ఇష్టం. మీరెవరండీ నాకు బదులు కుంగిపోవడానికి?"

"తప్పయిపోయిందే. నేను ఒక్కణ్ణీ మొయ్యగలననుకున్నాను."

"ఏడవకండి. మీరు ఏడిస్తే నాకు తిట్టడానికి మాటలు రావు."

"అన్నయ్యగారూ, ఈ కుర్చీలో కూర్చోండి. మంచినీళ్ళు తాగండి. అక్కా, మీరూ కూర్చోండమ్మా. పెట్టె సంగతి తర్వాత చూసుకుందాం. ఇవాళ కాకపోతే రేపు."

"కాదమ్మా. ఆ పదేళ్ళదే ఇచ్చెయ్యండి. మా ఆవిడ ముచ్చటపడింది. నున్నగా ఉందంది, కుట్టు బాగుందంది. అదే ఇవ్వండి. దాన్నే కట్టండి. నేను మోస్తాను, ఎక్కడికంటే అక్కడికి నేనే మోస్తాను."

"వద్దమ్మా. ఆయన మాట వినకు. ఆ గుడ్డదే ఇవ్వు."

"అది కాదే, నేనేదో బుద్ధి లేక అన్నాను. ఆ మాట మర్చిపో. డాక్టర్లు అన్నవన్నీ జరుగుతాయా? పదేళ్ళదే తీసుకో. నా మాట విను."

"విన్నాను. ఇన్నాళ్ళకి ఒక్క నిజం విన్నాను మీ నోట, ఇప్పుడు దాన్ని చెడగొట్టకండి. టిక్కెట్టు మీక్కూడా తీసుకోండి."

"నన్ను కూడా రమ్మంటున్నావా?"

"రండి. ఈసారి డాక్టరు ఎవర్నీ బయటికి పంపడు, ఇద్దరం లోపలే కూర్చుందాం. అటునుంచి అటే సముద్రం దగ్గరికి. కానీ దారిలో నా పెట్టె కింద మాత్రం చెయ్యి పెట్టకండి. ఎత్తగలిగినన్నాళ్ళూ నేనే ఎత్తుకుంటాను."